సగం ధరకు కారు, పూర్తి ధరకు ఖర్చులు

2018లో హైదరాబాద్‌లో ఒకాయన జర్మన్ డీజిల్ సెడాన్ కొన్నాడు. షోరూమ్ ధర 54 లక్షలు. అప్పట్లో పెద్ద కార్ల మీద 28 శాతం జీఎస్టీ, 20 శాతం సెస్సు. అంటే ఆ 54 లక్షల్లో అసలు ధర ముప్ఫై ఆరున్నర లక్షలే, మిగతా పదిహేడున్నర లక్షలు పన్ను. దానిపైన తెలంగాణ లైఫ్ ట్యాక్స్ 14 శాతం, ఇంకో ఏడున్నర లక్షలు. కేంద్రానికీ రాష్ట్రానికీ కలిపి ఆయన కట్టింది పాతిక లక్షలు. నాలుగేళ్ల తర్వాత ఆ కారునే నేను 28 లక్షలకు కొన్నాను. ఆయన పన్నులకు పోసిన డబ్బుకు ఇంకో మూడు లక్షలు కలిపితే, నా చేతికి కారే వచ్చింది.

ఈ లెక్క ఎవరికి చెప్పినా మెరిసే కళ్లతో వింటారు. ‘అయితే లగ్జరీ కారు సెకండ్ హ్యాండ్‌లోనే కొనాలన్నమాట’ అంటారు. అవును, కొనాలి. కానీ అది సగం లెక్కే. మిగతా సగం కారు ఇంటికొచ్చాక మొదలవుతుంది.

నేను స్ట్రక్చరల్ ఇంజినీర్‌ని. చిన్న ఆఫీసు, అయిదారుగురు పనిచేస్తారు. సైట్లు శంకర్‌పల్లి నుంచి ఘట్‌కేసర్ దాకా ఎక్కడెక్కడో ఉంటాయి కాబట్టి 158 కిలోమీటర్ల అవుటర్ రింగ్ రోడ్డు మీదే నా సగం జీవితం. నడుము నొప్పి ఉంది. ఇప్పుడు గంటకు 120 కిలోమీటర్ల దాకా అనుమతి ఉన్న ఆ రోడ్డు మీద కుదుపు, చప్పుడు లేకుండా వెళ్లే కారు కావాలనుకున్నాను. 2022లో అదే డబ్బుకు కొత్త ఎస్‌యూవీ ఒకటి పూర్తి హంగులతో వచ్చేది. రెండూ నడిపి చూసి పాత జర్మన్ కారు వైపు మొగ్గాను.

మొగ్గిన తర్వాత కూడా తొందరపడలేదు. హైదరాబాద్‌లో 2018 నాటి కారు కొంటున్నామంటే 2020 అక్టోబర్ వానల్లో అది ఎక్కడుందో కనుక్కోవాలి. ఆ వరదల్లో సెల్లార్లలో నిలిపిన కార్లు ఎన్నో మునిగాయి. అందుకని సీటు బెల్టు చివరిదాకా లాగి బురద చారలున్నాయా అని చూశాను, కాళ్ల కింది కార్పెట్ ఎత్తించాను, ఛాసిస్ నంబరుతో సర్వీసు చరిత్ర, బీమా క్లెయిముల చరిత్ర తెప్పించుకున్నాను. ఢిల్లీ నుంచి వచ్చిన కార్లు ఇంకా చౌకగా కనిపించాయి. అప్పట్లో అక్కడ పదేళ్లు దాటిన డీజిల్ బండ్లు తిరగకూడదన్న నిబంధన ఉండేది కాబట్టి ముందే అమ్మేసుకునేవారు. అయితే ఎన్‌ఓసీ తెచ్చుకుని, బండి వయసును బట్టి ఇక్కడ మళ్లీ లైఫ్ ట్యాక్స్ కడితే ఆ చౌకలో చాలా భాగం ఆవిరవుతుంది. స్థానికంగా ఒకే యజమాని వాడిన బండి కాబట్టి దీన్ని తీసుకున్నాను.

ఇక రెండో సగం. కారు పాతబడింది గానీ విడిభాగాల ధర పాతబడదు. రెండో యజమానిని కదా అని టైరు సగం ధరకు రాదు. ఇందులోవి పంక్చరైనా కొంత దూరం నడిచే రన్‌ఫ్లాట్ టైర్లు, అందుకే స్టెప్నీ ఉండదు. నాలుగూ మార్చాలంటే లక్షకు పైమాటే. బ్యాటరీ మార్చాలన్నా మామూలు కారు బ్యాటరీకి నాలుగైదు రెట్లు పెట్టాలి, పైగా కొత్త బ్యాటరీ పెట్టినట్టు కారు కంప్యూటరుకు చెప్పించాలి. బ్రేకు ప్యాడ్లతో పాటు డిస్కులూ అరుగుతాయి. 28 లక్షల కారు కొన్నానని నేననుకోవచ్చు, సర్వీసు బిల్లు మాత్రం 54 లక్షల కారుదే వస్తుంది. చాలామంది బోల్తా పడేది ఇక్కడే. కొనే ధర చేతికందగానే కారు చేతికందిందనుకుంటారు. ఈఎంఐ కట్టగలరు గానీ, రెండో ఏడాది టైర్లూ బ్రేకులూ కలిసి వచ్చినప్పుడు వాయిదా వేస్తారు. వాయిదా వేసిన మరమ్మతు ఇంకో మరమ్మతును పిలుస్తుంది. పాత కార్ల యాప్‌లలో అయిదేళ్ల లగ్జరీ కార్లు అన్నేసి అమ్మకానికి ఉండటానికి కారణం యజమానులకు మోజు తీరడం ఒక్కటే కాదు, వారంటీ తీరడం కూడా.

అందుకే మొదటి నెల నుంచే నాకు నేనే ఈఎంఐ కట్టుకోవడం మొదలుపెట్టాను. కారు కోసం అప్పు చేయలేదు. మెచ్యూర్ అయిన డిపాజిట్లతో కొన్నాను, ఎందుకంటే పాత కార్ల లోనుకు బ్యాంకులు కొత్త కార్ల కన్నా ఎక్కువ వడ్డీ వేస్తాయి. కానీ నెలకు పదిహేను వేలు విడిగా ఒక లిక్విడ్ ఫండ్‌లో వేస్తాను. బీమా, సర్వీసు, టైర్లు అన్నీ అందులోంచే. ఆఫీసు డబ్బూ ఇంటి డబ్బూ ముట్టుకోను. ఆ ఖాతా ఉండబట్టి ఏ బిల్లూ నన్ను ఉలిక్కిపడేట్టు చేయలేదు.

బీమా సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. నో క్లెయిమ్ బోనస్ కారుది కాదు, యజమానిది. పాత హ్యాచ్‌బ్యాక్ మీద ఏళ్ల తరబడి క్లెయిమ్ లేకుండా సంపాదించుకున్న 50 శాతం రాయితీని ఈ కారు పాలసీకి తెచ్చుకున్నాను. చిన్న కారు మీద కొద్ది వేలే మిగిల్చిన రాయితీ ఇక్కడ ఏడాదికి ముప్ఫై వేలు మిగులుస్తోంది. ఒకసారి అమీర్‌పేట ట్రాఫిక్‌లో ఎవరిదో బైకు తగిలి సైడు మిర్రర్ పగిలింది. సర్వీసు సెంటర్‌లో మిర్రర్ మొత్తం మార్చాలి, తొంభై వేలు అన్నారు. ‘ఇన్సూరెన్సే కదా సార్, క్లెయిమ్ పెట్టేద్దాం’ అన్నారు. నేను కాగితం తీసుకుని లెక్కేశాను. ఒక్క క్లెయిమ్‌తో బోనస్ సున్నా అవుతుంది. తర్వాత 20, 25, 35, 45 అంటూ మెట్టు మెట్టుగా ఎక్కి మళ్లీ 50కి చేరేసరికి అయిదేళ్లు. ఆ అయిదేళ్లలో నేను పోగొట్టుకునే రాయితీ అరవై వేల పైమాటే. జర్మన్ కార్లే చేసే ఒక గరాజులో అద్దం, పైతొడుగు మాత్రం మార్పించుకుంటే ఇరవై వేల చిల్లరతో పోయింది. క్లెయిమ్ పెట్టలేదు. పెద్ద ప్రమాదాల కోసం భాగాల తరుగుదల కోత లేని జీరో డిప్రిసియేషన్ కవరు, ఇంజిన్‌లోకి నీళ్లు పోతే ఆదుకునే కవరు తీసుకున్నాను. హైదరాబాద్ వానాకాలంలో ఈ రెండోది లేకుండా ఇలాంటి కారు బయటకు తీయకూడదని నా అభిప్రాయం.

బయటి గరాజంటే నకిలీ సామాను వేస్తారని భయపడేవాళ్లున్నారు. ఏ గరాజు అన్నదాన్ని బట్టి ఉంటుంది. బాష్, మాలే, జడ్‌ఎఫ్ లాంటి సంస్థలు కార్ల కంపెనీలకు భాగాలు తయారు చేసి ఇస్తాయి, తమ సొంత పెట్టెల్లోనూ అమ్ముతాయి. పెట్టె మీద కారు కంపెనీ గుర్తు లేనంత మాత్రాన ధర బాగా తగ్గుతుంది. గేర్‌బాక్స్, ఎలక్ట్రానిక్స్ లాంటివి కంపెనీ సర్వీసుకు, ఫిల్టర్లు, బ్రేకులు, ఆయిలు బయటి గరాజుకు అని నేను విభజించుకున్నాను.

ఇవి బిల్లు వచ్చే ఖర్చులు. బిల్లు రానివీ ఉన్నాయి. ఇంటికి రంగులు వేయించడానికి మేస్త్రీని పిలిస్తే ముందు కారు చూస్తాడు, తర్వాత గోడలు కొలుస్తాడు. పెళ్లికెళితే వాలే పార్కింగ్ కుర్రాడి దగ్గర్నుంచి చదివింపుల కవరు దాకా అన్నిటికీ రేటు పెరిగింది. అయిదు వందల పదహార్లతో గౌరవంగా బయటపడే చోట ఇప్పుడు రెండు వేలు పెట్టకపోతే మా ఆవిడకే మొహమాటం. బంధువుల్లో చేబదులు అడిగేవాళ్లు పెరిగారు. ఫీజు బకాయి అడిగితే ‘మీకేం తక్కువ సార్’ అనే క్లయింట్లూ పెరిగారు. నిజం చెప్పాలంటే లాభమూ లేకపోలేదు. కొత్త బిల్డర్లు మొదటి మీటింగ్‌లో ఫీజు గురించి ఇదివరకటంత గీచిగీచి బేరమాడరు. కానీ ఆ లాభాన్ని నమ్ముకుని కారు కొనమని ఎవరికీ చెప్పను. ఈ ఆడంబరానికి అంతుండదు కూడా. 2024లో ఖైరతాబాద్ ఆర్టీఏ వేలంలో 9999 అనే నంబరు ఒక్కటే పాతిక లక్షలు దాటింది. దాదాపు నా కారు ధర అది!

పన్ను మిగులుతుందన్న మాట కూడా తేల్చుకుందాం. ‘ఆఫీసు పేరు మీద కొను, ట్యాక్స్ కలిసొస్తుంది’ అని స్నేహితులు సలహా ఇచ్చారు. మా ఆడిటర్ లెక్క వేసి చూపించాడు. మామూలు ప్రయాణికుల కారు మీద కట్టిన జీఎస్టీని మాలాంటి వ్యాపారాలు వెనక్కి తీసుకోలేవు. ఆదాయపు పన్నులో ఏడాదికి 15 శాతం తరుగుదల చూపించవచ్చు. 28 లక్షల మీద మొదటి ఏడాది నాలుగు లక్షల ఇరవై వేలు, 30 శాతం శ్లాబులో మిగిలేది లక్షా పాతిక వేల చిల్లర. అందులోనూ సొంత వాడకం మేరకు కోత పడుతుంది. మిగిలింది మంచిదే, తీసుకున్నాను. కానీ లక్షాపాతిక మిగులుతుందని 28 లక్షలు ఖర్చు పెట్టేవాణ్ణి పొదుపరి అనలేం కదా.

మా ఊరు కోదాడ పక్కన. కారుతో మొదటిసారి వెళ్లినప్పుడు పెదనాన్న చుట్టూ తిరిగి చూసి అడిగాడు: ‘ఎంత బడ్డదిరా?’

‘ఇరవై ఎనిమిది, పెదనాన్నా.’

‘ఎకరం భూమిరా అది. మరి రేపు అమ్మితే ఎంతొస్తది?’

షోరూమ్ వాళ్లు, బ్యాంకు వాళ్లు, యాప్ వాళ్లు ఎవరూ అడగని ప్రశ్న అది. ‘ఇప్పుడైతే పదిహేను లక్షలు’ అన్నది ఈనాటి జవాబు. మూడేళ్ల చిల్లరలో 13 లక్షలు కరిగాయి, ఏడాదికి నాలుగు లక్షలు. సగటున 20 లక్షలు కారులో ఇరుక్కున్నాయనుకుంటే, 7 శాతం చొప్పున పోయిన వడ్డీ లక్షా నలభై వేలు. బీమా అరవై వేలు. సర్వీసు, టైర్లు, మరమ్మతులు సగటున లక్షా ఇరవై వేలు. ఏడాదికి పదివేల కిలోమీటర్లు, లీటరుకు పన్నెండు వస్తుంది కాబట్టి డీజిలు ఎనభై వేలు. మొత్తం ఎనిమిది లక్షలు. కిలోమీటరుకు ఎనభై రూపాయలు! ఈ లెక్కన కోదాడ వెళ్లి రావడానికి దాదాపు 29 వేలు. క్యాబ్‌లో అందులో మూడో వంతు కూడా కాదు.

మరి దండగేనా? నేనలా అనుకోను. ఆ ఎనభైలో డీజిలు ఎనిమిది రూపాయలే, మిగతాదాంట్లో చాలా భాగం కారును నడిపినా నిలబెట్టినా అయ్యేదే. అందుకే కారుకు కవరు కప్పి సెల్లార్‌లో దాచుకోను, రోజూ నడుపుతాను. నడుము నొప్పి తగ్గింది. రాత్రి పూట సైటు నుంచి అవుటర్ మీద వస్తుంటే ఇంట్లోవాళ్లకు భయం తగ్గింది. వీటికి నేను ఏడాదికి ఎనిమిది లక్షలు ఇస్తున్నానని తెలిసి ఇస్తున్నాను. మొదటి యజమానికైతే నాలుగేళ్లలో విలువ తరుగుదలే ఏడాదికి ఎనిమిది లక్షలకు పైనే పడింది. అందుకే ఈ కారును నా ఆస్తుల జాబితాలో ఎక్కడా రాసుకోలేదు, ఖర్చుల పుస్తకంలోనే రాశాను.

దీనికి ఒక హద్దు పెట్టుకున్నాను. కారు మీద ఏడాది మొత్తం ఖర్చు, ఆ ఏడాది నేను పెట్టే పెట్టుబడుల్లో సగం దాటకూడదు. ఏడాదికి పదహారు లక్షలు పొదుపు చేయలేనివాడికి ఎనిమిది లక్షల కారు వద్దు. జీతం ఎంత, ఈఎంఐ ఎంత అన్న లెక్క కన్నా ఇది కఠినమైనది, అందుకే నాకు నచ్చింది. పొదుపు తగ్గిన ఏడాది కారూ తగ్గాలి.

2025 సెప్టెంబర్ 22న పెద్ద కార్ల మీద సెస్సు ఎత్తేసి జీఎస్టీ 40 శాతం చేశారు. నా కారు లాంటి కొత్త సెడాన్‌కు 48 శాతం కాస్తా 40 అయ్యింది. 70 లక్షల షోరూమ్ ధర దాదాపు 66కి దిగింది. కొత్తది దిగితే పాతదీ దిగుతుంది. నా కారుకు అంతకుముందు పదహారు, పదహారున్నర చెప్పిన డీలర్లు పదిహేను దగ్గర ఆగారు. ఢిల్లీలో ఒక నిర్ణయం జరిగితే ఇక్కడ సెల్లార్‌లో నిలబడ్డ బండి విలువ లక్ష తగ్గుతుంది. ఖర్చుల పుస్తకంలో రాసుకున్నాను కాబట్టి నాకు బాధ కలగలేదు.

ఇప్పుడు అమ్మాలా, ఉంచాలా? ఈ వయసు బండి విలువ ఇకపై ఏడాదికి రెండు లక్షలకు మించి పడదని డీలర్ల మాట. దీన్నిచ్చేసి ఇంకో నాలుగేళ్ల కారు తెచ్చుకుంటే తరుగుదల మళ్లీ నాలుగు లక్షలు, మరమ్మతులు లక్షా ఇరవై వేలు. రెండూ సరిపోల్చితే, ఉన్న కారు మరమ్మతులు ఏడాదికి మూడు లక్షల చిల్లర అయ్యేదాకా దీన్ని ఉంచుకోవడమే లాభం. కిందటేడు అయింది లక్షా అరవై వేలు. కాబట్టి ఈ ఏడాదికి ఉంచుతున్నాను.