యాడికి పోతా ఉండారు?

జాన్ బోర్మన్ తీసిన ‘డెలివరెన్స్’ (1972) ఎవరికైనా చూడమని చెప్పే ముందు రెండు మాటలు చెప్పాలి. అందులో ఒక మగవాడి మీద జరిగే అత్యాచారాన్ని చూడ్డం చాలా కష్టం. ఇంకోటి, మీది పల్లెటూరైతే ఈ సినిమా వేరే చోట కూడా గుచ్చుకుంటుంది.

కథ చిన్నదే. అట్లాంటా నుంచి నలుగురు మగవాళ్ళు జార్జియా కొండల్లోని ఒక నది మీద చిన్న పడవల్లో బయల్దేరతారు. త్వరలో ఆనకట్ట కట్టి ఆ లోయను ముంచేస్తారు కాబట్టి ఈలోపే చూసెయ్యాలని తొందర. అడవిలో ఇద్దరు మనుషులు ఎదురయ్యాక, షికారు కాస్తా ప్రాణాలు దక్కించుకునే పాటు అవుతుంది. భయపెట్టడానికి బోర్మన్‌కి నీళ్ళ హోరు, కొండవాళ్ళ చూపులు దాదాపు సరిపోయాయి.

బెంగళూరులో మా రూంలో ఇది చూశాక ఒక కొలీగ్ నవ్వుతా అడిగాడు, “మీ బంగారుపాళ్యం పక్క కూడా ఇంతేనా?” అని. నేనూ నవ్వేశాను.

కొన్ని నెలలకి అదే బ్యాచ్ కారులో తిరుపతికి బయల్దేరాం. మొగిలి ఘాట్ దిగేసరికి రాత్రయింది. మా ఇంట్లో పడుకుని పొద్దున్నే పోదామని మామిడి తోటల మధ్య మట్టిరోడ్డు పట్టాం. ఒక పెద్దాయన టార్చిలైటు మొహాన కొట్టి కారు ఆపాడు. ఇంకో చేతిలో కట్టె.

“ఎవురు మీరు? యాడికి పోతా ఉండారు?”

వెనక సీట్లో అద్దం చప్పున పైకి లేచింది. నేను దిగి మా నాయన పేరు చెప్పాను.

“అట్లనా నాయనా! ఆ దావన పోవద్దండి. ఏనుగులు దిగుండాయి.”

కౌండిన్య అడవిలోంచి వచ్చే ఏనుగులు మా పక్క పంటలు తొక్కడం కొత్త కాదు. ఆయన కాపలా వాటి కోసం. కారులో మా భయం ఆయన గురించి.

తర్వాత సినిమా మళ్ళీ చూశాను. బాంజో పిల్లాడి సీన్ అందరికీ గుర్తుండేదే. నగరం మనిషి గిటార్‌కి దీటుగా వాయించి, పాటయ్యాక చెయ్యి కలపకుండా మొహం తిప్పేస్తాడు. ఆ వేషం వేసిన స్థానిక పిల్లాడికి నిజానికి బాంజో రాదు. వెనక దాక్కున్న ఇంకొకరి చెయ్యి అతని చొక్కాలోంచి తీగల మీద ఆడింది. సినిమాలో ఆ కొండ ఊళ్ళన్నీ నాకు అట్లాగే అనిపించాయి. మొహం వాళ్ళది, వాయించేది వేరేవాళ్ళు.

బోర్మన్‌కి ఇది తెలీదనుకోను. చివర్లో ఊరు ఖాళీ అవుతుంటుంది, సమాధులు తవ్వి తరలిస్తుంటారు. అదంతా అట్లాంటా కరెంటు కోసమే. ఆ దృశ్యాలు కొద్దిసేపే. నలుగురి వారాంతం ఏమైందో మనం దాదాపు రెండు గంటలు చూస్తాం. ఊరే పోతున్నవాళ్ళని మాత్రం సినిమాలో ఎవరూ ఆపి అడగరు, యాడికి పోతా ఉండారని.