మా చెల్లి పన్నెండు క్రెడిట్లు

న్యూజెర్సీలో ఉంటున్న మా చెల్లి 41వ ఏట డిగ్రీ మొదలుపెట్టింది. మొదలుపెట్టింది అనేకన్నా, ఇరవై ఏళ్ళ కిందట వదిలేసినదాన్ని మళ్ళీ పట్టుకుంది అనాలి. సెకండియర్‌లో ఉండగా మంచి సంబంధం వచ్చిందని పెళ్ళి చేసేశారు. ఆ తర్వాత కాపురం, అమెరికా, ఇద్దరు పిల్లలు. మీకు విడమర్చి చెప్పక్కర్లేదు.

ఇంటి దగ్గరి కమ్యూనిటీ కాలేజీకి వెళ్తే ఇక్కడి ఫస్టియర్ మార్కుల్ని లెక్కలోకి తీసుకోలేదట. అక్కడ నాలుగేళ్ళ డిగ్రీకి సుమారు 120 క్రెడిట్లు కావాలి. ఒక్కో సబ్జెక్టుకి మామూలుగా మూడు. అంటే నలభై సబ్జెక్టులు, ప్రతిదానికీ ఫీజు! "పెద్దదాన్ని కాలేజీలో చేర్చాల్సిన టైములో నా చదువుకి డబ్బులు ఏ మొహంతో అడగనక్కా?" అంది, పక్క గదిలోకి వినపడకుండా.

క్లెప్ పరీక్షల సంగతి అప్పుడే తెలిసింది. కాలేజ్ బోర్డు వాళ్ళు 1967 నుంచి నడుపుతున్నారు. సబ్జెక్టు ఎక్కడ నేర్చుకున్నావు, ఎన్ని రోజులు క్లాసులో కూర్చున్నావు అని అడగరు. సుమారు గంటన్నర పరీక్ష, ఎక్కువగా ఆబ్జెక్టివ్ ప్రశ్నలే. స్కోరు 20 నుంచి 80 దాకా ఉంటుంది. చాలా కాలేజీలు 50 వస్తే ఆ సబ్జెక్టు చదివినట్టే క్రెడిట్లు ఇస్తాయి. మోడర్న్ స్టేట్స్ అనే సంస్థ ఆన్‌లైన్‌లో ఉచితంగా పాఠాలు చెప్పి, కోర్సు పూర్తిచేసినవాళ్ళకి పరీక్ష ఫీజుకి వోచరు కూడా ఇస్తుంది. మా చెల్లి అలాగే చదివింది.

మొదట సైకాలజీ. "అత్తగారితో ఇన్నేళ్ళు నెగ్గుకొచ్చినదాన్ని, సైకాలజీ ఎంతసేపు" అని నవ్వింది. 61 వచ్చింది. రెండోది అమెరికా ప్రభుత్వం. మన పార్లమెంటు గురించి చదువుకున్న బుర్రకి ఆ సెనేట్ గొడవ ఎక్కలేదు. 47! తప్పితే మూడు నెలలు ఆగాలి, ఈలోపు మళ్ళీ రాయనివ్వరు. ఆ మూడు నెలలూ పాఠం చెప్పింది కూతురే. ఆ పిల్లా హైస్కూల్లో ఏపీ పరీక్షకి అదే సబ్జెక్టు చదువుతోంది. ఏపీ అంటే మన ఆంధ్ర కాదు, అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్. అందులో మంచి స్కోరు వస్తే కాలేజీలో చేరకముందే క్రెడిట్లు వస్తాయి. రాత్రి అంట్లు సర్దేశాక తల్లీకూతుళ్ళు ఒకే టేబుల్ దగ్గర. "అమ్మా, ఇది నిన్ననే చెప్పాను కదా" అని కూతురు విసుక్కునేదట. చిన్నప్పుడు ఎక్కాల దగ్గర ఇది విసుక్కున్నదానికి బాకీ తీర్చుకున్నట్టుంది. రెండోసారి 56.

మీ వాళ్ళెవరైనా రాయాలనుకుంటే ఒక్క మాట. ముందు కాలేజీని అడగండి, అది కూడా మెయిల్ పెట్టి. కొన్నిచోట్ల 50 చాలదు, కొన్ని సబ్జెక్టులు అసలు తీసుకోరు, పరీక్షలతో ఇన్ని క్రెడిట్లకి మించకూడదన్న హద్దూ ఉంటుంది. తర్వాత యూనివర్సిటీకి మారాలనుకుంటే వాళ్ళ రూలు వేరే. మా చెల్లి రెండుచోట్లా అడిగాకే పుస్తకం తెరిచింది. ఈ విషయంలో అది నాకన్నా గట్టిది.

సోషియాలజీ, మార్కెటింగ్ కూడా అయ్యాయి. నాలుగు పరీక్షలు, 12 క్రెడిట్లు. ఆగస్టు నుంచి అకౌంటింగ్ క్లాసుకి వెళ్తోంది. పక్కసీటు పిల్లాడికి పంతొమ్మిదేళ్ళట, మేడమ్ అనుకుని మొదటిరోజు లేచి నిలబడబోయాడట.

"ఇంకా ఎన్నే?" అన్నాను మొన్న ఫోన్లో.

"నూట ఎనిమిదక్కా. అష్టోత్తరమే అనుకో" అంది. వెనకాల కుక్కర్ కూత వేస్తుంటే పెట్టేసింది.