బండ లాగేది గిత్తలు... జనాన్ని లాగేది గొంతు!

పందెం అంటే ఇద్దరు పక్కపక్కన పరిగెత్తాలి. ఎవరు ముందున్నారో చిన్నపిల్లలైనా చెప్పేస్తారు. కానీ ఎడ్ల బండలాగుడులో అలా కుదరదు. బరిలో ఒకసారికి ఒక్క జతే ఉంటుంది. దాని ప్రత్యర్థి ఎప్పుడో పొద్దున్నే తన వంతు ముగించుకుని, ఏ చెట్టు కిందో తీరిగ్గా నెమరేస్తుంటుంది. మరి అంతమంది జనం ఊపిరి బిగబట్టి చూస్తున్నదేమిటి? నిజానికి వాళ్లు చూసేది సగమే. మిగతా సగం వింటున్నారు!

ఈ సంగతి మధిర చుట్టుపక్కల వాళ్లకు విడమరిచి చెప్పక్కర్లేదు. ఖమ్మం జిల్లాలో ఆంధ్ర సరిహద్దును ఆనుకుని ఉన్న ప్రాంతం ఇది. సంక్రాంతి మొదలు శివరాత్రి, ఉగాది, శ్రీరామనవమి దాకా ఇటు ఖమ్మం, నల్గొండ పల్లెల్లోనూ, అటు కృష్ణా, గుంటూరు, ప్రకాశం వైపూ ఒంగోలు జాతి గిత్తల బలప్రదర్శనలు జరుగుతూనే ఉంటాయి. వైరా ఏటి ఒడ్డున శివయ్యకు దణ్ణం పెట్టుకుని, పిల్లలకు జీళ్లు కొనిపెట్టి, అటునుంచి అటే ఏ ఊళ్లో పందేలుంటే ఆ ఊరి దారి పట్టే కుటుంబాలు ఎన్నో. ఊరింకా కిలోమీటరు దూరం ఉండగానే ముందుగా పలకరించేది మైకులో వినిపించే గొంతు. గిత్తలు కనపడేది ఆ తర్వాతే.

కనపడని ప్రత్యర్థి

పోటీ పద్ధతి తేలికే. గిత్తల పళ్లను బట్టి వయసు లెక్కగట్టి పాలపళ్లు, రెండు పళ్లు, నాలుగు పళ్లు, ఆరు పళ్లు అంటూ విభాగాలు చేస్తారు. ఆ పైన జూనియర్లు, సీనియర్లు. విభాగం పెరిగేకొద్దీ బండ బరువూ పెరుగుతుంది. చక్రాల్లేని ఆ రాతిని నేలమీద ఈడ్చుకుంటూ ట్రాకు ఈ చివర నుంచి ఆ చివరకు, మళ్లీ వెనక్కి... ఇచ్చిన నిమిషాలు అయిపోయేదాకా లాగాలి. సమయం ముగిసే సరికి బండ ఎక్కడుంటే అక్కడికి టేపు పెట్టి కొలుస్తారు. అడుగులే కాదు, అంగుళాలూ లెక్కే. ఎవరి బండ ఎక్కువ దూరం వెళ్తే వాళ్లదే మొదటి బహుమతి.

ఇప్పుడు గట్టు మీద కూర్చున్న మనిషి సంగతి చూడండి. అతడి ముందు ఒక జత బండ లాగుతోంది. బాగా లాగుతోందా, లేదా? ఎలా తెలుస్తుంది? కంటికి అన్ని జతలూ ఒకేలా కష్టపడుతున్నాయి. సరిగ్గా అప్పుడే వ్యాఖ్యాత అందుకుంటాడు. చేతిలో పుస్తకం, ఎదురుగా గడియారం. పొద్దున మొదటి స్థానంలో నిలిచిన జత ఐదో రౌండును 5 నిమిషాల 10 సెకన్లలో పూర్తిచేసిందనుకోండి, ఈ జత 5 నిమిషాల 2 సెకన్లకే ఆ గీత దాటేసింది. వెంటనే మైకు మోగిపోతుంది... 8 సెకన్లు ముందంజలో! అంతే, గట్లన్నీ ఒక్కసారిగా లేచి నిలబడతాయి. కండువాలు గాల్లోకి ఎగురుతాయి. అప్పటిదాకా ఒంటరిగా నడిచిన జత పక్కన మరో జత పరిగెడుతున్నట్టే ఉంటుంది అందరికీ.

ఆ రెండో జతను కళ్లముందు నిలబెట్టింది వ్యాఖ్యాతే. అందుకే అతడికి గొంతు ఎంత ముఖ్యమో లెక్కా అంతే ముఖ్యం. ఒక్క సెకను తప్పు చదివితే చాలు... ఓడిపోతున్న జతను గెలిపిస్తున్నట్టు, గెలిచే జతను ఓడిస్తున్నట్టు అయిపోతుంది.

ఖాళీ నిమిషాల్లో కాలక్షేపం

ఒక జత దిగి మరో జత ఎక్కేలోపు బోలెడంత ఖాళీ. కాడి కట్టాలి, గొలుసు తగిలించాలి, ట్రాకు సర్దాలి. ఆ కాస్త సమయంలో జనం లేచి వెళ్లిపోకుండా పట్టి ఉంచడమే వ్యాఖ్యాత చేతివాటం. గిత్తల యజమాని పేరు, ఊరు, మండలం, జిల్లా... ఒక్కటీ పొల్లుపోకుండా చదువుతాడు. ఆ జత ఇంతకుముందు ఎక్కడెక్కడ నెగ్గిందో గుర్తుచేస్తాడు. బహుమతి దాతలకు ధన్యవాదాలు చెబుతాడు. తర్వాతి జతను సిద్ధంగా ఉండమంటాడు. తప్పిపోయిన పిల్లాడి చొక్కా రంగు చెబుతాడు. దారికి అడ్డంగా పెట్టిన బండి తీయమంటాడు. ట్రాకులోకి చొరబడ్డ కుర్రాళ్లను నవ్విస్తూనే బయటికి పంపిస్తాడు.

ఇంత చేసినా, బండ కదలగానే గొంతు మార్చాలి. మొదటి నిమిషాల్లో నిదానంగా, సగం దాటాక కాస్త వేగంగా, ఆఖరి నిమిషంలో పిడుగులా. ముందే అరిచేస్తే చివర్లో అరవడానికి ఏమీ మిగలదు. పౌరాణిక నాటకాల్లో రాగం తీసిన గొంతులు, బుర్రకథ వంతపాటలు, రేడియోలో క్రికెట్ వ్యాఖ్యానం... వీటన్నిటి ఛాయలూ ఆ మాటల్లో వినిపిస్తాయి. ఇప్పుడు ఫోన్లలో ప్రత్యక్ష ప్రసారాలు కూడా వచ్చాయి కాబట్టి, గట్టు మీదికి రాలేనివాళ్లకూ ఆ గొంతు చేరుతోంది.

మంటల్లో టోపీ

ఇది మన దగ్గరే ఉన్న విద్య అనుకునేరు! మట్టి ట్రాకు మీద మోటారు సైకిళ్లు తిప్పే స్పీడ్‌వే అనే ఆట ఒకటుంది. బండికి బ్రేకులుండవు. నలుగురు పోటీదారులు, నాలుగు చుట్లు, సుమారు ఒక్క నిమిషం... అంతే, పందెం అయిపోతుంది. ఆ తర్వాత మళ్లీ ఎదురుచూపు. నిమిషం ఆట కోసం గంటల తరబడి జనాన్ని కూర్చోబెట్టాలంటే ఏం చేయాలి? ఈ చిక్కును బాగా అర్థం చేసుకున్నవాడు జానీ హోస్కిన్స్. న్యూజిలాండ్‌లో పుట్టిన ఈయన 1923 డిసెంబరులో ఆస్ట్రేలియాలోని వెస్ట్ మైట్‌లాండ్‌లో ఓ వ్యవసాయ ప్రదర్శన మైదానంలో ఈ పందేలు నడిపించాడు. స్పీడ్‌వేను కనిపెట్టింది ఆయనేనని చాలాకాలం చెప్పుకున్నారు కూడా. తర్వాత ఇంగ్లండ్ వెళ్లి అక్కడా పందేలు నిర్వహించాడు. పోటీదారులు ఆయన నెత్తిమీది టోపీ లాక్కుని మైదానం మధ్యలో తగలబెట్టడం ఓ వేడుకైపోయింది! జనం పందెం కోసం వచ్చేవాళ్లు, టోపీ కాలేదాకా కూర్చునేవాళ్లు.

అయితే ఒక్క తేడా ఉంది. అక్కడ పరిగెత్తేవి యంత్రాలు. నడిపే మనిషి తన ఇష్టంతోనే ఎక్కుతాడు. ఇక్కడ కాడి మోసేది నోరులేని జీవం.

ఉత్సాహానికి కళ్లెం

మైకు మీద పడే బాధ్యత ఇక్కడే మొదలవుతుంది. గొంతు పెరిగితే జనం కేకలు పెరుగుతాయి. కేకలు పెరిగితే తోలేవాళ్ల చేతులు ఆగవు. ఆ వేడి చివరికి చేరేది గిత్తల వీపు మీదికే. జంతువుల పట్ల క్రూరత్వాన్ని నివారించే చట్టం 1960 నుంచీ ఉంది. 2011లో కేంద్రం ప్రదర్శనలకు వాడకూడని జంతువుల జాబితాలో ఎద్దునూ చేర్చింది. 2014 మే 7న సుప్రీంకోర్టు జల్లికట్టును, ఎడ్లబండ్ల పందేలను తప్పుపట్టింది. 2023 మే 18న అదే కోర్టు రాజ్యాంగ ధర్మాసనం తమిళనాడు, కర్ణాటక, మహారాష్ట్ర చేసుకున్న చట్ట సవరణలను సమర్థించింది. కోర్టుల్లో ఇంత వాదన నడిచిందంటే, ఆ ప్రశ్న తేలిగ్గా కొట్టిపారేసేది కాదన్నమాట.

గిత్తలను కన్నబిడ్డల్లా చూసుకుంటామని రైతులు అంటారు. అందులో అబద్ధం లేదు. ట్రాక్టర్లొచ్చి దుక్కి ఎద్దులు తగ్గిపోయిన రోజుల్లోనూ ఉలవలు ఉడకబెట్టి, ఖర్చుకు వెనకాడకుండా ఒక జతను సాకుతున్నది ఆ మమకారంతోనే. కానీ ఇంటిదగ్గరి మమకారం బరిలో ఆ కొద్ది నిమిషాలూ నిలబడాలి కదా! దాన్ని గుర్తుచేయగల మనిషి అక్కడ ఒక్కడే... మైకు పట్టుకున్నవాడు. కర్ర ఎక్కువగా ఆడుతుంటే పేరు పెట్టి ఆపమనవచ్చు. గిత్త మోకాళ్ల మీద కూలబడితే, గొంతు పెంచకుండా కాడి విప్పించమని అడగవచ్చు. ఊరందరి ముందు ఆ మాట మైకులో వినిపిస్తే కాదనడం ఎవరికైనా కష్టమే.

పందెంలో బహుమతులు కొన్నే. వచ్చిన జతల్లో చాలావరకు ఖాళీ చేతులతోనే ఇంటికెళ్తాయి. ఏడాదంతా మేపిన రైతు తిరుగు ప్రయాణంలో లారీలో గిత్తల పక్కనే కూర్చుంటాడు. మంచి వ్యాఖ్యాత అలాంటి జతను కూడా ఊరికే పోనివ్వడు. ఎన్ని అడుగులు లాగిందో స్పష్టంగా చదివి, యజమాని పేరు, ఊరి పేరు ఇంకోసారి చెప్పి, చప్పట్లు అడుగుతాడు. జనమూ కొడతారు. మర్నాడు ఆ ఊళ్లో టీకొట్టు దగ్గర అడుగుల లెక్క తర్వాత చెప్పుకుంటారు. మైకులో మన ఊరి పేరు ఎలా పలికాడో, ముందు అది చెప్పుకుంటారు.