వుస్టర్‌లో ఒక చెక్క అచ్చుయంత్రం

బోస్టన్ నుంచి పడమరగా రైల్లో గంటకు పైగా వెళితే వుస్టర్ వస్తుంది. అక్కడ సాల్స్‌బరీ వీధిలో, గుమ్మటం ఉన్న ఇటుక భవనంలో అమెరికన్ యాంటిక్వేరియన్ సొసైటీ గ్రంథాలయం ఉంది. అమెరికా సాహిత్యం ఎక్కడ మొదలైందో చూడాలని వెళ్లాను.

లోపల మొదట ఆగింది ఒక పాత చెక్క అచ్చుయంత్రం దగ్గర. దాని యజమాని ఐజయా థామస్. బోస్టన్‌లో ‘మసాచుసెట్స్ స్పై’ పత్రిక నడుపుతూ బ్రిటిష్ పాలనను ఎండగట్టేవాడు. 1775 ఏప్రిల్‌లో, స్వాతంత్ర్య యుద్ధం మొదలవడానికి కొద్ది రోజుల ముందు, ఈ యంత్రాన్ని రాత్రివేళ గుట్టుగా ఊరు దాటించాడు. ఆయనే 1812లో ఈ సంస్థను స్థాపించి, తన పుస్తకాలు దీనికి ఇచ్చాడు.

పఠన మందిరంలో పెన్ను వాడకూడదు, పెన్సిలే. పాత పుస్తకాన్ని మెత్తటి ఆసరా మీద ఆనించి, నెమ్మదిగా తెరవాలి. ఇక్కడి భండారాన్ని తరచి చూస్తే ఒకటి అర్థమవుతుంది: ఆ దేశంలో సాహిత్యం అవసరంలోంచి పుట్టింది. 1640లో మసాచుసెట్స్‌లోని కేంబ్రిడ్జ్‌లో అచ్చయిన ‘బే సామ్ బుక్’ చర్చిలో పాడుకోవడానికి. మతబోధకుల ప్రసంగాలు పాపభీతి కలిగించడానికి. బెంజమిన్ ఫ్రాంక్లిన్ ‘పూర్ రిచర్డ్’ వంటి ఆల్మనాక్‌లు మన పంచాంగాల్లాగే ఇంటింటా ఉండేవి. తిథులు, వాతావరణం పక్కనే నీతి వాక్యాలు. 1776లో థామస్ పెయిన్ ‘కామన్ సెన్స్’ కరపత్రం జనాన్ని స్వాతంత్ర్యం వైపు నడిపించడానికి. నవల చాలా ఆలస్యంగా వచ్చింది. తొలి అమెరికన్ నవలగా చెప్పే ‘ది పవర్ ఆఫ్ సింపతీ’ని 1789లో అచ్చువేసింది ఈ థామసే.

నన్ను ఎక్కువగా కదిలించినవి చెర కథనాలు. వుస్టర్‌కు దగ్గర్లోని లాంకాస్టర్‌పై 1676లో మూలవాసులు దాడి చేసి, మేరీ రోలండ్‌సన్‌ను చెరపట్టారు. ఆరేళ్ల కూతురు ఆమె ఒళ్లోనే ప్రాణం విడిచింది. పదకొండు వారాల తర్వాత, సొమ్ము చెల్లిస్తే విడిచిపెట్టారు. 1682లో వచ్చిన ఆమె పుస్తకం ఆ ప్రక్రియకు ఒరవడి పెట్టింది.

ఆ పుస్తకానికి అదే ఏడాది వచ్చిన కేంబ్రిడ్జ్ ముద్రణకు అక్షరాలు కూర్చిన వాళ్లలో జేమ్స్ ప్రింటర్ ఉన్నాడని పండితులు చెబుతారు. అతను నిప్‌మక్ తెగవాడు. వుస్టర్ పక్కనే ఉన్న నేటి గ్రాఫ్టన్ అతని జన్మస్థలం. అమెరికాలో అచ్చయిన తొలి బైబిల్ మతబోధకుడు జాన్ ఎలియట్ మూలవాసుల భాషలో తెచ్చిన 1663 నాటిది. దాని ముద్రణలోనూ ఇతని చెయ్యి ఉంది. తన వాళ్లను క్రూరులుగా చూపిన పుస్తకానికి అక్షరాలు పేర్చాల్సి వచ్చిన మనిషి ఇతను.

ఫిలిస్ వీట్లీదీ ఇలాంటి కథే. బానిసగా బోస్టన్‌కు తెచ్చిన ఆ అమ్మాయి కవితా సంపుటి 1773లో లండన్‌లో వెలువడింది. అవి ఆమే రాసిందని బోస్టన్ పెద్దమనుషులు సంతకాలు చేసిన ధ్రువపత్రాన్ని కూడా జోడించాల్సి వచ్చింది.

ఎమర్సన్, హాథార్న్ వంటి తర్వాతి రచయితలతో మొదలుపెట్టే పాఠకుడికి ఈ లోకం అందదు. తొలి అమెరికా సాహిత్యాన్ని చదవాలంటే ముఖపత్రం మీది పేరుతో సరిపెట్టుకోకూడదు. అక్షరం పేర్చింది ఎవరు, రచన తనదేనని సాక్ష్యం తెచ్చుకోవాల్సి వచ్చింది ఎవరు అని కూడా అడగాలి. ఆ ప్రశ్నలకు ఆధారాలు దాచిపెట్టినందుకే ఈ గ్రంథాలయం అంటే నాకు గౌరవం.