జెండా కొండపై ఒక దినం

విద్యార్థి జీవితంలో విహారయాత్రకు ఒక విశిష్ట స్థానం ఉన్నది. నాలుగు గోడల నడుమ పొందే విజ్ఞానానికి లోకదర్శనం తోడైనప్పుడే విద్య సార్థకమవుతుందని పెద్దల అభిప్రాయం. ఈ సదుద్దేశంతోనే మా కళాశాల కార్యవర్గంవారు 2024 ఫిబ్రవరిలో పదిహేడుగురు విద్యార్థులను, ఇద్దరు అధ్యాపకులను మలేషియా దేశానికి పంపించారు. ఆ యాత్రలో మేము చూచిన వింతలన్నింటినీ వర్ణించడం ఈ చిన్న వ్యాసంలో సాధ్యం కాదు. పినాంగ్ ద్వీపంలో ఒక కొండను కాలినడకన ఎక్కిన ఒక్క దినాన్ని గురించి మాత్రమే ఇక్కడ ముచ్చటిస్తాము. ఆ దినం మా ఎదుట నిలిచిన ఒక ప్రశ్న నేటికీ మమ్మల్ని వదలలేదు.

మలయా భాషలో 'పినాంగ్' అనగా పోక. 'పులౌ పినాంగ్' అంటే పోకల దీవి. తాంబూలానికి అలవాటుపడిన మన ప్రాంతంవారికి ఈ పేరు వినగానే ఆత్మీయత కలగడం సహజం. 1786లో ఫ్రాన్సిస్ లైట్ అనే ఆంగ్లేయుడు ఈస్టిండియా కంపెనీ పక్షాన ఈ దీవిలో దిగి, జార్జిటౌన్ నగరానికి పునాది వేశాడు. నగరం వెనుక పచ్చని గోడవలె నిలిచిన కొండను స్థానికులు 'బుకిత్ బెండెరా' అంటారు. అనగా జెండా కొండ. దాని ఎత్తు సముద్రమట్టానికి 833 మీటర్లు. మన తిరుమల కొండ ఎత్తు సుమారు 850 మీటర్లని గుర్తుచేసుకుంటే పాఠకులకు పోలిక సులభంగా తెలుస్తుంది.

ఈ కొండపైకి 1923 నుండి రైలు ఉన్నది. ఇనుప తాడుతో లాగబడుతూ నిట్టనిలువుగా ఎక్కే ఆ రైలులో కూర్చుంటే కొద్ది నిమిషాలలో పైకి చేరవచ్చు. అయినను మా అధ్యాపకులు నడక మార్గాన్నే నిర్ణయించారు. అందుకు వారు చెప్పిన కారణం చిన్నది. మాలో తొమ్మిదిమంది ఉర్దూ మాధ్యమంవారు, ఎనిమిదిమంది తెలుగు మాధ్యమంవారు. రెండేళ్ళుగా ఒకే ప్రాంగణంలో చదువుతున్నా ఒకరి పేర్లు మరొకరికి సరిగా తెలియవు. విమానంలోనూ, బస్సులోనూ రెండు జట్లుగానే కూర్చున్నాము. "రైలెక్కితే అక్కడా రెండు జట్లుగానే కూర్చుంటారు. నడవండి" అన్నారు మాస్టారు.

పినాంగ్‌లో గడియారం మనకంటే రెండున్నర గంటలు ముందు నడుస్తుంది. అక్కడ ఫిబ్రవరిలో ఏడు దాటితేగాని తెల్లవారదు. ఉర్దూ మిత్రులు ఫజర్ నమాజు ముగించుకొని వచ్చిన తరువాత, ఏడున్నరకు ఉద్యానవన ద్వారం వద్ద సమావేశమైనాము. 1884లో నెలకొల్పిన వృక్షశాస్త్ర ఉద్యానవనం అది. అక్కడినుండి శిఖరం వరకు సుమారు ఐదు కిలోమీటర్ల తారుబాట ఉన్నది. కొండపై నివసించేవారి జీపులు ఆ బాటపై తిరుగుతుంటాయి. ఐదు కిలోమీటర్లు అనగానే మాలో కొందరు నవ్వుకున్నారు. కాని ఆ బాటకు సమతలం అంటే ఏమిటో తెలియదు. మొదటి మలుపులోనే నవ్వులు ఆగిపోయినాయి.

అడవి అందం చెప్పనలవి కాదు. ఆకాశాన్ని కప్పివేసిన మహావృక్షాలు, వాటిని పెనవేసుకొన్న తీగెలు, మానుల మీద మొలిచిన సీతమ్మజడల వంటి జాలరు మొక్కలు, ఎక్కడో రాళ్ళమధ్య కనబడకుండా పారుతున్న నీటి చప్పుడు. కొమ్మలపై నల్లని కోతులు కూర్చుండి మమ్మల్ని చూచినాయి. వాటి కళ్ళచుట్టూ తెల్లని వలయాలు ఉండటంవల్ల కళ్ళజోడు పెట్టుకొన్న పండితులవలె కనిపించినాయి. ఈ అడవులను, వాటి పరిసరాలను 2021లో యునెస్కో సంస్థ జీవావరణ పరిరక్షణ ప్రాంతంగా గుర్తించింది. ఎండ నేలను తాకడంలేదు గాని గాలిలోని తేమకు మా చొక్కాలు మాత్రం వర్షంలో తడిసినట్లే తడిసినాయి.

మొదటి గంటలోనే మా బృందం రెండుగా చీలింది. వేగంగా నడిచేవారు ముందు, మెల్లగా నడిచేవారు వెనుక. దారి మధ్యలో '84' అని స్థానికులు పిలిచే విశ్రాంతి స్థలం ఒకటున్నది. ముందువారు అక్కడ కూర్చుండి అరగంట నిరీక్షించిన తరువాత వెనుకటివారు చేరుకొన్నారు. వారిలో ఉర్దూ మాధ్యమానికి చెందిన మా మిత్రుడు ఒకడు ఇద్దరి భుజాల మీద చేతులు వేసి నడుస్తున్నాడు. అతనికి చిన్ననాటినుండి ఉబ్బసం ఉన్నదని ఆ దినమే మాలో సగంమందికి తెలిసింది. జేబులోని మందు పీల్చుకొని, గోడకు చేరగిలబడి, కొంతసేపటికి తేరుకొన్నాడు. అప్పుడు అధ్యాపకులతో ఇట్లన్నాడు: "సార్, మీరందరూ పైకి వెళ్ళండి. నేనిక్కడే కూర్చుంటాను. నా మూలంగా ఇంతమంది ఆగిపోతే ఆ బరువు నేను మోయలేను."

కొంతసేపు ఎవరూ మాట్లాడలేదు. తరువాత మాలో ఒకడు లేచి ఉన్నమాట అన్నాడు. "సార్, మా నాన్నగారు అప్పు తెచ్చి నన్ను ఈ యాత్రకు పంపించారు. మళ్ళీ జన్మలో ఈ దేశం వస్తానో రానో. సగంలోనుండి దిగిపొమ్మంటే న్యాయం కాదు. ఒకరిద్దరు భాయ్‌కి తోడుగా ఉంటే మిగిలినవారు చూచి వస్తారు." ఆ మాటలో స్వార్థం లేదు. అప్పు నిజం, దూరం నిజం. అతణ్ణి తప్పుపట్టడానికి మాలో ఎవరికీ నోరు రాలేదు. కాని మిత్రుణ్ణి అక్కడ విడిచిపోవడానికి కాళ్ళూ రాలేదు. పైగా అతనికి తోడుగా ఉండవలసినది ఎవరు? ఉర్దూవారే ఉండాలని ఎవరూ అనలేదు. కాని అందరి చూపులూ వారివైపే తిరిగినాయి. ఆ చూపులను వారూ గమనించారు.

ఆ సమయంలో తెలుగు మాధ్యమానికి చెందిన ఒక సోదరి, ఎన్నడూ సభలో నోరు విప్పనిది, మెల్లగా చెప్పింది. "మేము అలిపిరి మెట్లమీదుగా తిరుమలకు నడిచేటప్పుడు మా నాయనమ్మను అందరికంటే ముందు నడిపించేవాళ్ళం. వెనుక నడిపిస్తే ఆమె మమ్మల్ని అందుకోవాలని ఆయాసపడేది. ముందు నడిపిస్తే ఆమె నడకే మా నడక అయ్యేది. మూడువేల అయిదువందల పైచిలుకు మెట్లు అట్లాగే ఎక్కేవాళ్ళం."

అధ్యాపకులు మిత్రుని నాడి చూచారు. ఊపిరి నెమ్మదించింది. జీపుబాటే కనుక అవసరమైతే వాహనం పిలిపించవచ్చునని విచారించి తెలుసుకొన్నారు. మళ్ళీ ఆయాసం వస్తే ఆ క్షణమే దిగిపోవాలని షరతు పెట్టారు. అటుపిమ్మట అతణ్ణి ముందు నిలిపి, అతణ్ణి దాటి ఎవరూ ఒక్క అడుగైనా వేయరాదని ఆజ్ఞాపించారు. పక్కనే కూర్చున్న ఒక చీనా వృద్ధుడు మా భాష తెలియకపోయినా విషయం గ్రహించినట్లున్నాడు. మా మిత్రునికి వేడి తేనీరు అందించి "పెలాన్, పెలాన్" అన్నాడు. మెల్లగా, మెల్లగా అని అర్థం.

మిగిలిన దారి నడవడం మాకందరికీ పరీక్షే. మెల్లగా నడిచేవాని వెనుక నడవడం బలవంతునికి ఎంత కష్టమో ఆ దినం తెలిసింది. నూరు అడుగులు, విశ్రాంతి. మళ్ళీ నూరు అడుగులు. కాని ఆ విశ్రాంతులలోనే మాటలు మొదలైనాయి. ఎవరి ఊరేది, ఎవరి తండ్రి ఏమి పనిచేస్తారు, ఎవరికి లెక్కలు రావు, ఎవరికి ఆంగ్లమంటే భయం. ఉర్దూ మిత్రుడు ఒకడు షేర్ చెబితే, తెలుగు మిత్రుడు దానికి తోచిన అర్థం చెప్పి నవ్వించాడు. అప్పు సంగతి చెప్పిన మిత్రుడే, ఎవరూ అడగకుండానే, ఉబ్బసం మిత్రుని సంచి తన భుజాన వేసుకొన్నాడు. పదిన్నరకు చేరవలసిన శిఖరాన్ని పన్నెండూ నలభైకి చేరుకొన్నాము. పందొమ్మిదిమందిమీ చేరుకొన్నాము.

పైన గాలి చల్లగా ఉన్నది. క్రింద జార్జిటౌన్ మేడలు, నీలి జలసంధి, ఆవల ప్రధాన భూభాగం. 1985లో ప్రారంభమైన పదమూడున్నర కిలోమీటర్ల వంతెన నీటిపై గీత గీసినట్లు కనిపించింది. దాని సమీపంలో అడవి కప్పిన చిన్న దీవి ఒకటున్నది. దాని పేరు జెరెజాక్. బ్రిటిషువారి కాలంలో మద్రాసు రాజధానినుండి ఓడలలో వచ్చిన కూలీలను అంటువ్యాధుల భయంతో ముందుగా ఆ దీవిలోనే నిలిపి ఉంచేవారు. రబ్బరు తోటలకు, కొబ్బరి తోటలకు పోయిన తమిళులతోపాటు మన విశాఖపట్నం, శ్రీకాకుళం ప్రాంతాల తెలుగువారు కూడా ఆ వలసలో ఉన్నారు. వారి సంతతివారు 1955లో తమ భాష నిలుపుకోవడానికి సంఘం స్థాపించుకొన్నారు. ఆ దీవిని చూస్తూ మేము కొంతసేపు మౌనంగా ఉన్నాము. వారికి ఏ కొండా విహారం కోసం ఎక్కే అవకాశం లేకపోయింది.

శిఖరంపై ఒక మసీదు, ఒక సుబ్రహ్మణ్య ఆలయం ఇంచుమించు పక్కపక్కనే ఉన్నాయి. రైలు రాకముందు దొరలను కుర్చీలలో కూర్చుండబెట్టి కూలీలు ఈ కొండపైకి మోసేవారు. మన భాషలో డోలీ అనవచ్చు. ఆ మోతగాండ్రు, సిపాయీలు కొలిచిన చిన్న గుడే నేటి ఆలయమైనదని స్థానికులు చెబుతారు. ఒంటిగంటన్నర దాటిన తరువాత జొహర్ వేళయింది. ఉర్దూ మిత్రులు మసీదులోనికి వెళ్ళగా, తెలుగువారు వారి సంచులకు, పాదరక్షలకు కాపలా కూర్చున్నారు. అనంతరం తెలుగువారు ఆలయానికి వెళ్ళగా, ఆ కాపలా చేతులు మారింది. దానిని గురించి ఎవరూ ఉపన్యాసం చెప్పలేదు. ఆకలి వేయగా అందరం కలిసి భోజనానికి కూర్చున్నాము.

దిగేటప్పుడు రైలెక్కినాము. అయిదు గంటలకు పైగా పట్టిన దూరం కొద్ది నిమిషాలలో కరిగిపోయింది. రైలులో మేము రెండు జట్లుగా కూర్చోలేదు.

స్వదేశానికి తిరిగివచ్చిన తరువాత మేము ఒక చిన్న ప్రయత్నం మొదలుపెట్టినాము. సాయంత్రం తరగతులు ముగిసిన పిదప గ్రంథాలయంలో రెండు మాధ్యమాలవారమూ కలిసి ఆంగ్లమూ, లెక్కలూ చదువుకొంటున్నాము. మా నియమం ఒక్కటే: అందరికంటే వెనుకబడిన వానికి అర్థమయ్యేవరకు పుట తిప్పరాదు. బాగా చదివేవారికి ఇది విసుగే. వారి కాలమూ విలువైనదే. ఆ విసుగు మాకు కొండమీద పరిచయమైనదే గనుక సహిస్తున్నాము. మిత్రుడు ఇప్పుడు తెలుగు అక్షరాలు కూడబలుక్కొని చదువుతున్నాడు. మాలో ముగ్గురు అలిఫ్, బే దిద్దుతున్నారు.

మా సంచిక కుడివైపునుండి ఉర్దూలోనూ, ఎడమవైపునుండి తెలుగులోనూ ప్రారంభమై నడిమి పుటలో కలుస్తుంది. తమ వైపు చదవడం ముగిసిన మిత్రులు సంచికను అక్కడే మూసివేయకుండా, పక్కనున్నవారిచేత రెండవ వైపు చదివించుకొని వినవలసిందిగా కోరుతున్నాము. కార్యవర్గంవారికి కూడా ఒక విన్నపం. గ్రంథాలయం ప్రస్తుతం అయిదు గంటలకు మూసివేయబడుతున్నది. మా పాఠం అప్పటికి సగంలోనే ఉంటుంది. ఇంకొక్క గంట తెరచి ఉంచినట్లయితే, మెల్లగా నడిచేవారు కూడా చేరుకొంటారు.