గోడ మీది పిల్లి, జూలో పులి

వదినగారూ, పప్పు రుబ్బడం అయిందా? ఒక్క నిమిషం ఇటు రండి. మీ పిల్లి గోడ మీద నడుస్తోంది, అదిలించకండి. దాని భుజాలు చూడండి. అడుగు వేసినప్పుడల్లా భుజం రెక్క వీపు కంటే పైకి లేచి దిగుతోంది. కాళ్లు పూర్తిగా చాపదు, కాస్త వంచే నడుస్తుంది.

మొన్న ఆదివారం విశాఖ జూలో పులి ముందు అరగంట నిలబడిపోయాను. అచ్చం ఇదే నడక! మా చిన్నాడు "అమ్మా, మన పక్కింటి పిల్లే పెద్దదైంది" అన్నాడు. కాదురా అన్నాను గానీ, అక్కడ వాడికి వివరంగా చెప్పలేకపోయాను.

ఎందుకు కాదో మీకు చెబుతాను. మీరు ఇడ్లీపిండి పోసే స్టీలు గిన్నె ఉందే, దాని పొడవు, వెడల్పు, లోతు అన్నీ రెట్టింపు చేసి ఇంకోటి చేయించారనుకోండి. రెండు గిన్నెల పిండి కాదు, ఎనిమిది గిన్నెల పిండి పడుతుంది. ఒళ్లూ అంతే. కొలతలన్నీ రెట్టింపైతే బరువు ఎనిమిది రెట్లు. దాన్ని మోసే ఎముకను అడ్డంగా కోసి చూస్తే మాత్రం నాలుగు రెట్లే. మిగతా బరువు ఎవరు మోస్తారు? 1638లో అచ్చయిన తన పుస్తకంలో గెలీలియో ఇందుకే రెండు ఎముకల బొమ్మ వేశాడు. ఒకటి మామూలుది. రెండోది మూడు రెట్లే పొడవు, కానీ దుంగలా ఉంటుంది.

ఏనుగు వేరే దారి పట్టింది, కాళ్లు స్తంభాల్లా నిటారుగా పెట్టుకుంది. కాలు నిటారుగా ఉంటే ఎముకను వంచే భారం తగ్గుతుంది. గుర్రమూ దాదాపు అంతే. పిల్లుల వంశం మాత్రం ఆ పని చేయలేదండీ! 2007లో లిసా డే, బ్రూస్ జేన్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ఇంటిపిల్లి నుంచి పులి దాకా తొమ్మిది జాతుల నడక కొలిచి చూశారు. ఒళ్లు పెరిగినా కాళ్ల వంపు తగ్గలేదు. పొంచి పొంచి వెళ్లి మీద పడే బతుకు కదా, ఆ వంపు వదులుకోలేదేమోనని నాకనిపిస్తుంది. అందుకని ఎముక మీద భారం ఎక్కువ పడుతుంది. మీ పిల్లి నాలుగు కిలోలు, మగపులి 200 కిలోల దాకా తూగుతుంది. మీ పిల్లి ముంగాలు పట్టుకుంటే లోపల పెన్సిలంత ఎముక తగులుతుందా, పులికి అది పొడవుకు మించి లావెక్కిపోతుంది.

అదిగో, దూకేసింది! ముందుకాళ్ల మీద వాలగానే ఛాతీ ఎలా కుంగిందో చూశారా? దాని మెడ దగ్గరి చిన్న ఎముక మనకున్నట్టు మరే ఎముకకీ అతుక్కుని ఉండదు. భుజాలు కండరాల్లోనే వేలాడుతుంటాయి, అదురు కొంత అక్కడే ఇంకిపోతుంది.

ఈ ఆదివారం మీరూ రండి వదినగారూ. పొద్దున్నే వెళదాం, ఎండెక్కితే పులి పడుకుంటుంది. ఈసారి దాని ముంజేతులే చూద్దాం.