ఉప్పు అడగని పంక్తి

ఆ రోజు పప్పులో ఉప్పు వెయ్యడం మర్చిపోయాను. నలభై మూడు మంది తిన్నారు. ఒక్కరూ నోరు విప్పలేదు. మధ్యాహ్నం రెండు దాటాక నేను అన్నం కలుపుకుని మొదటి ముద్ద నోట్లో పెట్టుకుంటే గానీ తెలియలేదు. పెళ్ళి పంక్తిలో అయితే మూడో విస్తరి దగ్గరే కేక వినపడేది. కంపెనీ క్యాంటీన్లో అయితే ఫోటో తీసి మేనేజరుకు పంపేవాళ్ళు. ఇక్కడ తిన్నవాళ్ళంతా మౌనంలో ఉన్నారు. మాట లేదు, సైగ కూడా చెయ్యకూడదని ఆ గుంపు పెట్టుకున్న నియమం. చప్పిడి పప్పు తిని, చేతులు కడుక్కుని, చెట్ల కిందికి నడుచుకుంటూ వెళ్ళిపోయారు. ఇరవై ఏళ్ళ వంట జీవితంలో అంత సిగ్గు నాకు ఎప్పుడూ కలగలేదు.

మాది జమ్మలమడుగు. కాపురం బెళ్ళందూరు. 2005లో వచ్చినప్పుడు అద్దెకు దిగిన వీధిలో ముసలివాళ్ళు మాతో తెలుగే మాట్లాడేవాళ్ళు. బెంగుళూరు తూర్పు ఊళ్ళలో పాతకాపుల ఇళ్ళలో తెలుగు ఎక్కువ. అది మాకు పెద్ద ధైర్యం. మొదటి తొమ్మిదేళ్ళు ఔటర్ రింగ్ రోడ్డు మీద ఓ టెక్ పార్కు క్యాంటీన్లో చేశాను. పూటకు పన్నెండు వందల ప్లేట్లు. ఎగ్జాస్ట్ ఫ్యాన్ల హోరు, ట్రేల మోత, టోకెన్ల అరుపులు. ఇంటికొచ్చి పడుకున్నా చెవిలో ఫ్యాను తిరుగుతూనే ఉండేది. మా ఆవిడ ఏదైనా చెప్తే నేను అరిచి జవాబు చెప్పేవాణ్ణి. ‘‘ఇది క్యాంటీన్ కాదు’’ అనేది.

2014లో ఒక తెలిసినాయన చెప్తే ఇక్కడికి మారాను. కనకపుర రోడ్డు వదిలి లోపలికి పోతే, బన్నేరుఘట్ట అడవి అంచున ఉంటుంది ఈ మౌన శిబిరాల కేంద్రం. పేరు రాయను. నేను రాసేది వంటింటి సంగతులు, వాళ్ళకు నచ్చకపోవచ్చు. చుట్టూ కానుగ, వేప, సిల్వర్ ఓక్, వెదురు పొదలు. వారంలో ఆరు రోజులు అక్కడే క్వార్టర్లో ఉంటాను, ఏడో రోజు రెండు బస్సులు మారి బెళ్ళందూరు వస్తాను. ఆ ఒక్క రోజులో సగం సిల్క్ బోర్డు దగ్గర ఆగిన బస్సులోనే పోతుంది, అది వేరే సంగతి.

ఇలాంటి చోట్లు బెంగుళూరుకు కొత్త కాదు. వైట్‌ఫీల్డులో ఎం.ఎ. థామస్ అనే మార్తోమా పాదిరి 1963లో పెట్టిన ఎక్యుమెనికల్ క్రిస్టియన్ సెంటర్ ఉంది. తుముకూరు రోడ్డు వైపు ఆలూరులో విపశ్యన కేంద్రం. మన హైదరాబాదులో నాగార్జునసాగర్ రోడ్డు మీద ధమ్మఖేత్త. విపశ్యన వాళ్ళది పది రోజుల మౌన శిబిరం. పొద్దున నాలుగింటికి గంట, పదకొండింటికి భోజనం, సాయంత్రం కొత్తవాళ్ళకు పండు, టీ. అంతే, రాత్రి భోజనం ఉండదు. వంటవాడికి ఆ పద్ధతి సుఖం. మా దగ్గర అలా కాదు. ఒక వారం కంపెనీ వాళ్ళు, ఒక వారం ఎనిమిది రోజుల మౌనానికి వచ్చే సిస్టర్లు, ఒక వారం యోగా గుంపు. ఎవరి మౌనం వాళ్ళది. కొందరికి పగలంతా, కొందరికి భోజనం పూటే.

మౌనం అతిథులకు. వంటింటికి అది ఇంకో డ్యూటీ. నేను చేరిన మొదటి నెలలోనే నేర్చుకున్న పాఠం తిరగవాత. ధ్యానం హాలు ఇటుక జాలీ గోడలతో కట్టింది. లారీ బేకర్ అనే ఆర్కిటెక్టు పద్ధతి అంటారు. గాలి, వెలుతురు బాగా ఆడతాయి. గాలితో పాటు నా ఇంగువ కూడా ఆడింది. పదకొండున్నరకు బాణలిలో నెయ్యి కాగి, ఆవాలు చిటపటలాడి, ఎండుమిరపకాయ, ఇంగువ పడగానే హాల్లో కళ్ళు మూసుకున్న యాభై మంది ముక్కులు తెరుచుకున్నాయట. మేనేజరు సారు పరుగెత్తుకొచ్చి, ‘‘మాస్టర్, వాళ్ళు రెండు రోజుల నుంచి మనసు నిలబెట్టుకుంటున్నారు, మీరు ఒక్క గరిటెతో లేపేశారు’’ అన్నాడు. తప్పు నాదే, కానీ లోపల కొంచెం గర్వంగా కూడా అనిపించింది. అప్పటి నుంచి తిరగవాత గంట కొట్టాకే వేస్తాను. గంట కొట్టిన నాలుగు నిమిషాలకు వాళ్ళు చేతులు కడుక్కుని వరసలోకి వస్తారు. ఆ నాలుగు నిమిషాల్లో పప్పు, చారు, చట్నీ మూడింటికీ పడిపోవాలి.

చప్పుడు సంగతీ అంతే. స్టీలు మూత గచ్చు మీద పడితే ఆ మోత జాలీ గోడల్లోంచి హాలు దాకా పోతుంది. గుండిగల కింద గోనెపట్టా వేశాం. గ్రైండరు పని తెల్లవారుజామున నాలుగున్నరకే ముగించేస్తాం. కుక్కరు విజిల్ లేకుండా పప్పు ఉడకబెట్టడం మళ్ళీ నేర్చుకున్నాను. రాత్రే నానబెట్టి, వెడల్పు గిన్నెలో, సన్నటి మంట మీద. రుచి నిజానికి బాగుంటుంది. అడవి పక్కన కనుక ఇంకో జాగ్రత్త: పనస కాయలు పండక ముందే కోసేస్తాం. పండు వాసనకు ఏనుగులు వస్తాయి. చెత్త డబ్బాల మూతలకు కోతుల కోసం తాడు.

ఉప్పు లేని పప్పు తర్వాత రెండు పనులు మొదలుపెట్టాను. ఒకటి, ప్రతి బల్ల మీద ఉప్పు గిన్నె, కారం గిన్నె. రెండు, ప్లేట్లు చదవడం. కడగడానికి వచ్చే ప్రతి ప్లేటూ చూస్తాను. పప్పు అంచుకు నెట్టేస్తే ఏదో లోపం. బెండకాయ ముక్కలు ఒకే మూల చేర్చి ఉంటే జిగట పోలేదని. ఏళ్ళ తరబడి చూశాక నాకు ఒక లెక్క దొరికింది. మొదటి రోజు అందరూ కుప్పలు పెట్టుకుంటారు. మాట లేకపోతే రెండోసారి అడగలేమని భయం. ఆ రోజు నలభై మందికి అయిదు కిలోల బియ్యం చాలదు. మూడో రోజుకు మూడున్నర కిలోలు వండినా మిగులుతుంది. నాలుగో రోజు బెల్లం మీద పడతారు. ఏది చేసినా, చక్కెర పొంగలైనా, రాగి లడ్డు అయినా, ముందు తీపి ఖాళీ. ఎందుకో నాకు తెలియదు. ఆఖరి రోజు మౌనం విడిపించగానే డైనింగ్ హాలు పెళ్ళిల్లు అయిపోతుంది. అప్పుడు అందరూ వచ్చి ‘‘వంట అద్భుతం’’ అంటారు. ఆ పొగడ్త మీద నాకు నమ్మకం లేదు. ఆ గంటలో వాళ్ళు చెట్టును చూసినా అద్భుతమే అంటారు.

ఇక క్వేకర్ల సంగతి. ఒక డిసెంబరులో పద్నాలుగు మంది వస్తున్నారన్నారు. కొందరు ఇంగ్లండు నుంచి, కొందరు మన దేశం వాళ్ళే. ‘క్వేకర్లు’ అని సారు చెప్పగానే నాకు ఓట్స్ డబ్బా గుర్తుకొచ్చింది. టోపీ పెట్టుకున్న తాత బొమ్మ. వాళ్ళ మతం తిండి అదే కాబోలు అనుకుని, బెళ్ళందూరు సూపర్ మార్కెట్లో ఆరు పెద్ద ప్యాకెట్లు కొని మోసుకుపోయాను. మొదటి రోజు పొద్దున పాలు పోసి గంపెడు ఓట్స్ వండి పెట్టాను. వాళ్ళు నవ్వారు. ఆ నవ్వులో ఎకసెక్కెం లేదు, నాకూ నవ్వొచ్చింది. ఒక పెద్దావిడ కూర్చోబెట్టి చెప్పింది. ఆ ఓట్స్ కంపెనీ 1877లో ఆ పేరును ట్రేడ్‌మార్కుగా రాయించుకుంది గానీ, వాళ్ళ సంఘానికీ దానికీ ఏ సంబంధమూ లేదట. నిజాయితీకి పేరున్న మనుషులని ఆ పేరు వాడుకున్నారు. అసలు సంబంధం ఉన్నది చాక్లెట్‌కు. క్యాడ్‌బరీ కుటుంబం క్వేకర్లే. బర్మింగ్‌హామ్‌లో జార్జ్ క్యాడ్‌బరీ ఇచ్చిన ఇంట్లోనే 1903లో వుడ్‌బ్రుక్ అనే వాళ్ళ అధ్యయన కేంద్రం మొదలైంది. 1931లో రౌండ్ టేబుల్ సమావేశానికి వెళ్ళినప్పుడు గాంధీ గారు అక్కడికీ వెళ్ళారు.

మాది లండన్ మిషన్ వాళ్ళు పెట్టిన ఆసుపత్రి ఉన్న ఊరు. పాదిరి, పాటలు, గంటలు చిన్నప్పటి నుంచి చూసినవే. క్వేకర్లకు అవేవీ లేవు. 17వ శతాబ్దంలో ఇంగ్లండులో జార్జ్ ఫాక్స్ అనే మనిషి ఈ సంఘం మొదలుపెట్టాడట. ప్రతి మనిషిలోనూ దేవుడి వెలుగు ఉంది, మధ్యలో పూజారి ఎందుకని. అధికారులు వెక్కిరింపుగా ‘వణికేవాళ్ళు’ అని పెట్టిన పేరే నిలిచిపోయింది. వాళ్ళలో వాళ్ళు ‘మిత్రులు’ అనుకుంటారు. యుద్ధానికి వెళ్ళరు. యుద్ధంలో దెబ్బతిన్నవాళ్ళకు అన్నం పెడతారు. దానికే 1947లో వాళ్ళ సేవాసంస్థలు రెండింటికి నోబెల్ శాంతి బహుమతి వచ్చింది. అన్నం పెట్టినందుకు నోబెల్ అంటే వంటవాడిగా నాకు నచ్చింది. మా హాలు గోడలు చూసి ఆ పెద్దావిడ చేత్తో తడిమింది. బేకర్ కూడా క్వేకరేనట. బర్మింగ్‌హామ్ మనిషి, చైనాలో రోగులకు సేవ చేసి మన దేశం వచ్చి, 2007లో తిరువనంతపురంలో పోయాడు. ఇన్నేళ్ళు ఆ గోడల్ని నా ఇంగువకు శత్రువులనే చూశాను.

గొడవ ఓట్స్‌తో రాలేదు, పాత్రలతో వచ్చింది. క్వేకర్లు తిన్న ప్లేట్లు వాళ్ళే కడుగుతామన్నారు. ప్లేట్లతో ఆగలేదు, గుండిగలు కూడా. పద్నాలుగు మందీ పీచులు పట్టుకుని కుళాయి దగ్గర చేరారు. మా దగ్గర పాత్రలు తోమే అక్క పక్కన నిలబడిపోయింది. బెళ్ళందూరు చెరువు పక్క ఊరి మనిషి, నాతో తెలుగులోనే మాట్లాడుతుంది. ‘‘వాళ్ళే కడిగేసుకుంటే నేనెందుకప్పా? రేపు సారు నన్ను వద్దంటే?’’ అంది. ఆమె భయం తప్పు కాదు. మంచితనం చూపించేవాళ్ళకు ఎదుటివాళ్ళ జీతం గుర్తుకు రాదు. నేను వచ్చీరాని ఇంగ్లీషులో పెద్దావిడకు చెప్పాను. ఆవిడ ముఖం ఎర్రబడింది. మర్నాటి నుంచి పద్ధతి మారింది. కడిగేది వాళ్ళే, కానీ అక్క చెప్పినట్టు. ఆమె స్టూలు వేసుకుని కూర్చుని, ‘‘అడుగు తోము, అడుగు’’ అని తెలుగులో అదిలించేది. సారు వచ్చి ఆమె జీతంలో పైసా తగ్గదని అందరి ముందూ చెప్పాకే ఆమె మనసు కుదుటపడింది.

ఆదివారం ఉదయం వాళ్ళ ఆరాధన. మమ్మల్నీ రమ్మన్నారు. కుర్చీలు గుండ్రంగా వేశారు. శిలువ లేదు, పుస్తకం లేదు, పాట లేదు. గంట సేపు మౌనం. ఎవరికైనా లోపలి నుంచి మాట వస్తే లేచి చెప్పి కూర్చోవచ్చు. లేకపోతే లేదు. నా బుద్ధి పావుగంట దోసె పిండి చుట్టూ తిరిగింది. చలికి పులిసిందో లేదో అని. ఒకాయన లేచి రెండు వాక్యాలు చెప్పి కూర్చున్నాడు. మళ్ళీ మౌనం. బయట వెదుళ్ళు కిర్రుమంటున్నాయి.

అప్పుడు అక్క లేచింది. నేను ఆమె కొంగు పట్టుకుని ఆపబోయాను. ‘‘మా నాయన వరి మడికి మా చెరువు నీళ్ళే పారేవి. మేము దాంట్లోనే స్నానం చేసేవాళ్ళం. ఇప్పుడు అది మండుతా ఉంది’’ అని తెలుగులో చెప్పి కూర్చుంది. అంతే. ఆ గదిలో నాకు తప్ప ఎవరికీ అర్థం కాలేదు. ఎవరూ నా వైపు తిరిగి అర్థం అడగలేదు. ఆమె మాట్లాడినంత సేపూ తల వంచి విన్నారు. గంట అయ్యాక పక్కవాళ్ళతో చేతులు కలిపారు, అది వాళ్ళ ముగింపు. అప్పుడు పెద్దావిడ వచ్చి అడిగింది. నేను చెప్పాను. 2015లో బెళ్ళందూరు చెరువు నురుగుకు నిప్పంటుకున్న సంగతి, యమలూరు దగ్గర ఆ నురుగు రోడ్డు మీదికి ఎగిరిన సంగతి, 2018 జనవరిలో మళ్ళీ మంటలు లేస్తే సైన్యం దిగిన సంగతి. దాదాపు తొమ్మిది వందల ఎకరాల చెరువు అంటే ఆవిడ నమ్మలేదు. ఫోన్లో చూపించాను.

అక్క రెండేళ్ళ క్రితం మోకాళ్ళ నొప్పులతో పని మానేసింది. ఆమె స్టూలు ఇంకా కుళాయి పక్కనే ఉంది. ఓట్స్ ప్యాకెట్లలో నాలుగు ఆ నెలంతా ఉప్మాగా చేశాను. మన వాళ్ళు బాగానే తిన్నారు.

మీలో ఎవరైనా ఇలాంటి మౌన శిబిరానికి వెళ్తే ఒక మనవి. పప్పులో ఉప్పు తక్కువైతే సహించకండి. చిన్న చీటీ మీద ‘ఉప్పు’ అని రాసి వంటింటి కిటికీలో పెట్టండి. తెలుగులో రాసినా పరవాలేదు, బెంగుళూరు వంటిళ్ళలో చదివేవాడు ఒకడైనా ఉంటాడు.